వెంట్‌లోకి పురుగులు రాకుండా ఎలా? ఇన్వర్టర్, మొబైల్ స్టార్టర్‌కి జాలీ పెట్టే ముందు ఈ లెక్క చూడండి

ఫోన్‌కి వెంట్ ఉండదు. అందుకే చీమల బాధ ఫోన్ వాడేవాళ్లకి పెద్దగా తెలియదు. కానీ ఆ ఫోన్‌ని కరెంట్ పోయినా ఛార్జ్ చేసే ఇన్వర్టర్, నెట్ ఇచ్చే రౌటర్, గేమింగ్ పీసీ, పొలంలో బోరు దగ్గర బిగించిన మొబైల్ స్టార్టర్... వీటన్నిటికీ ఎక్కడో ఒకచోట రంధ్రాలుంటాయి. గాలి పోయే రంధ్రం అంటే పురుగు వచ్చే దారి కూడా.

ఈ ఆర్టికల్‌లో ఒకే ప్రశ్నకి జవాబు వెతుకుదాం. వెంట్‌కి జాలీ పెడితే పురుగులు ఆగుతాయి సరే, గాలి కూడా ఆగితే ఎలా? ముదిగుబ్బ లాంటి ఊళ్లో ఈ ప్రశ్న చాలా సీరియస్. ఎందుకంటే ఇక్కడ ఎండ, దుమ్ము, పురుగులు మూడూ ఉన్నాయి. ఒకదాన్ని ఆపబోతే ఇంకోటి పెరుగుతుంది.

ముదిగుబ్బే ఎందుకు?

అనంతపురం నుంచి కదిరి వెళ్లే రోడ్డు మీద ఉండే ఊరు ముదిగుబ్బ. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే.

వాన తక్కువ కాబట్టి పురుగులు కూడా తక్కువే అనుకుంటే పొరపాటు. ఎండాకాలంలో చీమలు, బల్లులు, బొద్దింకలు నీడ, తేమ ఉన్న చోటు వెతుక్కుంటాయి. తొలకరి చినుకు పడగానే ఉసిళ్లు లైట్ల మీదికి వస్తాయి. నేల కాస్త తడవగానే మట్టి గూళ్లు కట్టే కందిరీగలు పని మొదలుపెడతాయి. ఇక్కడ ఎక్కువ వాన సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పడుతుంది కాబట్టి ఈ గూళ్ల సీజన్ కూడా పొడుగ్గానే సాగుతుంది.

అసలు వెంట్ ఏం పని చేస్తుంది?

జాలీ గురించి మాట్లాడే ముందు వేడి లెక్క ఒకటి చూద్దాం. భయపడకండి, గుణకారం, భాగహారం వస్తే చాలు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 400 వాట్ల లోడ్ ఉందనుకోండి. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 470 వాట్లు తీసుకుంటుంది. తేడా 70 వాట్లు. ఈ 70 వాట్లూ డబ్బా లోపల వేడిగా మారతాయి. పాతకాలం 60 వాట్ల బల్బు గుర్తుందా? అంతకంటే కొంచెం ఎక్కువ వేడి, ఒక చిన్న ఇనప డబ్బాలో.

ఆ వేడిని బయటికి తోసేది గాలే. లోపలికి వెళ్లే గాలి కంటే బయటికి వచ్చే గాలి 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడిగా ఉండాలంటే గంటకి సుమారు 21 ఘనపు మీటర్ల గాలి కావాలి. పీసీ ఫ్యాన్ల భాషలో చెప్పాలంటే దాదాపు 12 సీఎఫ్ఎం. చిన్న ఫ్యాన్ కూడా ఇది ఇవ్వగలదు, దారి ఖాళీగా ఉంటే.

ఇప్పుడు మీరు వెంట్ మీద ఒక జాలీ ముక్క అంటించారు. గాలి సగానికి పడిపోయింది. అంటే 10 డిగ్రీల తేడా కాస్తా 20 అవుతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఉన్న డబ్బాకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. ముదిగుబ్బలో మే నెల మధ్యాహ్నం మెట్ల కింద గూట్లో గాలే 42 డిగ్రీలుంటే డబ్బా లోపల 62 అవుతుంది. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకి ఇంజనీర్లు వాడే ఒక అంచనా సూత్రం ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుంది. అంటే చీమల నుంచి కాపాడబోయి బోర్డునే ముందుగా ముసలిదాన్ని చేసినట్టు.

కాబట్టి రంధ్రం మూయడం పరిష్కారం కాదు. పురుగు పట్టనంత చిన్న రంధ్రాలు పెట్టాలి, కానీ గాలికి సరిపడినన్ని పెట్టాలి.

ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు?

శత్రువు ఎవరో తెలియకుండా జాలీ కొనొద్దు. ఒక్కో పురుగు ఒక్కో పని మీద వస్తుంది.

చీమలు: వెచ్చగా, పొడిగా, ఎవరూ కదిలించని చోటు కోసం వస్తాయి. ఇంట్లో తిరిగే బుల్లి చీమలు ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవే ఉంటాయి. తల వెడల్పు అర మిల్లీమీటర్‌కి అటూ ఇటూ. కరెంట్ ఉన్న చోట ఇంకో చిక్కు ఉంది. షాక్ తగిలిన చీమ విడుదల చేసే వాసనలకి మిగతా చీమలు అక్కడికే వస్తాయని ఫైర్ యాంట్స్ అనే జాతి మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఒకటి చస్తే పది వస్తాయి, చివరికి కాంటాక్ట్ మధ్య చీమల ముద్ద మిగులుతుంది.

కందిరీగలు: వీటికి గొట్టంలాంటి రంధ్రాలంటే ఇష్టం. పెన్సిల్ దూరేంత రంధ్రం దొరికితే గుడ్డు పెట్టి, పిల్లకి మేత పెట్టి, మట్టితో మూతేసి వెళ్లిపోతాయి. వాడని కేబుల్ రంధ్రం వీటికి రెడీమేడ్ ఇల్లు.

ఉసిళ్లు: వీటికి మీ బోర్డు అక్కర్లేదు, మీ ఎల్ఈడీ లైటు కావాలి. లైటు పక్కన వెంట్ ఉంటే రెక్కలతో సహా లోపలికి వెళ్లి ఫ్యాన్‌లో చుట్టుకుంటాయి.

సాలెపురుగులు: కదలని గాలి, రాత్రి లైటుకి వచ్చే చిన్న పురుగులు దొరికే చోట గూడు అల్లుతాయి. ఆ గూడుకి దుమ్ము పట్టిందంటే అదే ఒక ఉచిత జాలీ, కానీ గాలి పోనివ్వని జాలీ.

బల్లులు, బొద్దింకలు: బల్లి పురుగు కాదు, కానీ పురుగుల కోసం వస్తుంది. రెండు టెర్మినల్స్ మీద ఒకేసారి కాలు పెడితే దానికీ కష్టం, మీ ఫ్యూజ్‌కీ కష్టం.

చిన్న పురుగే కదా అనుకోకండి

టెక్నాలజీ చరిత్రలో పురుగుల వల్ల వచ్చిన తంటాలు మామూలువి కాదు.

1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక రిలేలో చిమ్మట పురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి లాగ్ బుక్‌లో టేప్‌తో అంటించారు. ఆ పేజీ ఇప్పటికీ భద్రంగా ఉంది. ‘బగ్’ అనే మాట అంతకుముందే వాడుకలో ఉన్నా, నిజమైన బగ్ దొరికిన కేసు అని దీన్ని చెప్పుకుంటారు.

1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి బయల్దేరిన బర్గెనైర్ 301 విమానం సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. వేగం కొలిచే పిటో ట్యూబ్ ఒకటి మూసుకుపోవడంతో కెప్టెన్ వైపు మీటర్ తప్పుడు వేగం చూపించింది. అంతకుముందు కొన్ని రోజులు విమానం ఎగరకుండా ఉన్నప్పుడు ఆ గొట్టానికి కవర్ తొడగలేదు. మట్టి కందిరీగ గూడు కట్టి ఉంటుందన్నదే దర్యాప్తులో బలంగా వినిపించిన అనుమానం. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టులో కూడా ఇదే రకం సమస్య వచ్చింది. పరిశోధకులు 3డీ ప్రింటర్‌తో నకిలీ పిటో ట్యూబులు చేసి ఎయిర్‌పోర్ట్ చుట్టూ పెట్టి, కందిరీగలు ఎక్కడ, ఎంత సైజు రంధ్రాల్లో గూళ్లు కడుతున్నాయో లెక్క తీశారు. 2020లో ఆ ఫలితాలు ప్రచురించారు.

కార్ల విషయానికొస్తే మాజ్డా 6 కథ చూడండి. పెట్రోల్ ట్యాంక్‌కి గాలి అందించే వెంట్ గొట్టంలో ఒక రకం పసుపు సాలెపురుగు గూడు అల్లింది. గాలి అందక ట్యాంక్ లోపల ఒత్తిడి పడిపోయి, ట్యాంక్ పగిలి పెట్రోల్ కారే ప్రమాదం ఉందని 2011లో అమెరికాలో కార్లని వెనక్కి పిలిచారు. గొట్టంలో సాలెపురుగు దూరకుండా చిన్న స్ప్రింగ్ పెట్టారు. అయినా 2014లో మళ్లీ దాదాపు 42 వేల కార్లని పిలవాల్సి వచ్చింది. ఈసారి వెంట్ మూసుకుపోయినా ఒత్తిడి ప్రమాదకరంగా పడిపోకుండా సాఫ్ట్‌వేర్ మార్చారు. పురుగుని ఆపడం ఒక పని, ఆపలేకపోయినా మెషీన్ బతికేలా చూడటం ఇంకో పని అని ఈ కథ చెబుతుంది.

అమెరికాలో క్యాంపర్ ట్రైలర్లు, అంటే కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇళ్లు ఉన్నవాళ్లకి ఇది ప్రతి ఏడాది ఉండే గొడవ. ఫ్రిజ్, హీటర్, ఫర్నేస్ వెంట్లలో కందిరీగలు గూళ్లు కడతాయి. మార్కెట్లో వీటికి రెడీమేడ్ జాలీలు దొరుకుతాయి. కానీ గ్యాస్ ఫర్నేస్ వెంట్‌కి జాలీ పెట్టొద్దని తయారీదారుల హెచ్చరికలున్నాయి. జాలీకి చెత్త పట్టి పొగ బయటికి పోకపోతే లోపల పడుకున్నవాళ్లకే ముప్పు. అన్ని వెంట్లూ ఒకటి కాదన్నమాట. ఈ తేడా మనకి కూడా పనికొస్తుంది, కింద చెబుతా.

ఐపీ రేటింగ్ చూస్తే సరిపోదా?

ఫోన్ల రివ్యూల్లో ఐపీ68 అని చదివి చదివి మనకి అలవాటైంది. మొదటి అంకె ఘన పదార్థాలకి, రెండోది నీళ్లకి. ఇక్కడ మనకి కావాల్సింది మొదటి అంకె.

2 అంటే 12.5 మిల్లీమీటర్ల కంటే పెద్ద వస్తువు లోపలికి పోదు. 3 అంటే 2.5 మిల్లీమీటర్లు. 4 అంటే 1 మిల్లీమీటర్. 5 అంటే దుమ్ము కొంచెం పోయినా పనికి అడ్డం రాదు. 6 అంటే దుమ్ము అసలు పోదు.

ఇప్పుడు పైన చెప్పిన సైజులతో పోల్చండి. ఇంట్లో వాడే ఫ్యాన్ ఉన్న ఇన్వర్టర్లు మామూలుగా ఐపీ20 స్థాయిలో ఉంటాయి. అంటే మీ వేలు పోదు, చీమ మాత్రం కుటుంబంతో సహా పోతుంది. చివరికి 4 ఉన్నా బుల్లి చీమ తల దూరుతుంది. 5 లేదా 6 ఉంటేనే నిశ్చింత. బయట గోడకి బిగించే సోలార్ ఇన్వర్టర్లు చాలావరకు ఐపీ65 ఉండటానికి కారణం ఇదే. వాటి లోపలికి బయటి గాలి పోదు, వెనకున్న అల్యూమినియం రెక్కల ద్వారా వేడి బయటికి పోతుంది.

అయితే ఐపీ65 డబ్బా కూడా మెకానిక్ కేబుల్ రంధ్రం తెరిచి వదిలేస్తే ఐపీ సున్నానే. రేటింగ్ ఫ్యాక్టరీలో వస్తుంది, మన గోడ మీద నిలబడేది బిగించిన తీరును బట్టే.

జాలీ లెక్క: ఏ మెష్, ఎంత?

హార్డ్‌వేర్ షాపులో జాలీని మెష్ నంబర్‌తో అడుగుతారు. 16 మెష్ అంటే అంగుళానికి 16 గళ్లు. నంబర్ పెరిగే కొద్దీ గడి చిన్నదవుతుంది, కానీ తీగల వాటా పెరిగి గాలి దారి తగ్గుతుంది. గాలికి మిగిలే ఆ వాటాని ఓపెన్ ఏరియా అంటారు. తీగ మందాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, లెక్క ఇలా వస్తుంది:

16 మెష్ (తీగ 0.28 మి.మీ.): గడి 1.3 మి.మీ., ఓపెన్ ఏరియా 68 శాతం. కిటికీ దోమల జాలీ ఇంచుమించు ఇదే. కందిరీగ, ఉసిళ్లు, బొద్దింక, బల్లి, పెద్ద చీమలు ఆగుతాయి.

30 మెష్ (తీగ 0.25 మి.మీ.): గడి 0.6 మి.మీ., ఓపెన్ ఏరియా 50 శాతం. చాలా రకాల చీమలు ఆగుతాయి.

40 మెష్ (తీగ 0.2 మి.మీ.): గడి 0.43 మి.మీ., ఓపెన్ ఏరియా 47 శాతం. బుల్లి చీమలు కూడా దాదాపు ఆగుతాయి. కానీ దుమ్ము చాలా తొందరగా పడుతుంది.

ఇప్పుడు అందరూ చేసే పని చూద్దాం. ఇన్వర్టర్ పక్కన 20 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. ఎత్తు వెంట్ ఉంది. మొత్తం 100 చదరపు సెం.మీ. అందులో సగం రేకు, సగం సందులు. అంటే గాలికి అసలు దారి 50 చదరపు సెం.మీ. దాని మీద 30 మెష్ నేరుగా అంటిస్తే అది 25కి పడిపోతుంది. దుమ్ముతో జాలీ సగం మూసుకుపోతే 12న్నర. ఇంక ఫ్యాన్ ఎంత తిరిగితే ఏం లాభం?

దీనికి చాలా సింపుల్ ఉపాయం ఉంది. జాలీని వెంట్ మీద అంటించకండి, వెంట్ ముందు పెట్టెలా కట్టండి. అదే 20 × 5 కొలతతో, 5 సెం.మీ. ముందుకి పొడుచుకొచ్చేలా జాలీ పెట్టె చేశారనుకోండి. ముందు వైపు 100, నాలుగు పక్కలు కలిపి 250, మొత్తం 350 చదరపు సెం.మీ. జాలీ. 30 మెష్ వాడినా గాలి దారి 175 చదరపు సెం.మీ. అసలు సందుల కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. దుమ్ముతో సగం మూసుకుపోయినా ఇంకా 87 మిగులుతుంది. 16 మెష్ వాడితే 238, అంటే దాదాపు ఐదు రెట్లు. జాలీ అదే, గాలి మాత్రం పోదు.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: జాలీ వైశాల్యం అసలు సందుల వైశాల్యానికి కనీసం ఐదారు రెట్లు ఉండాలి. దుమ్ము ఎక్కువున్న రోడ్డు పక్క ఇళ్లకి ఇది ఇంకా అవసరం.

ఇన్వర్టర్‌కి ఎలా బిగించాలి?

ముందు స్విచ్ ఆఫ్ చేసి, మెయిన్ ప్లగ్ తీసేయండి. కవర్ విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో కరెంట్ కొంతసేపు నిలిచి ఉంటుంది, పైగా వారంటీ కూడా పోతుంది. మన పని అంతా డబ్బా బయటే.

1. అట్ట లేదా సన్నటి ప్లాస్టిక్ చానెల్‌తో ఫ్రేమ్ చేసుకోండి. 3డీ ప్రింటర్ అందుబాటులో ఉంటే మంచి ప్రాజెక్ట్ ఇది, కానీ పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పీఈటీజీ వాడండి.

2. జాలీ నైలాన్ లేదా ఫైబర్‌గ్లాస్‌దైతే తేలిక. స్టీల్ జాలీ ఎక్కువ కాలం మన్నుతుంది, బొద్దింక కొరకలేదు. కానీ కత్తిరించినప్పుడు తెగిన సన్నటి తీగ ముక్క లోపల పడితే షార్ట్ అవుతుంది. అంచులు మడిచి, డబ్బాకి దూరంగా కత్తిరించండి.

3. గాలి లోపలికి వెళ్లే వైపు, బయటికి వచ్చే వైపు రెండింటికీ పెట్టాలి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు బయటి వైపు నుంచి పురుగు రాదు నిజమే. కరెంట్ ఉన్నంతసేపు చాలా ఇన్వర్టర్లలో ఫ్యాన్ ఆగి ఉంటుంది, అప్పుడు ఏ దారైనా ఒకటే.

4. డబుల్ టేప్ ఎండకి ఊడిపోతుంది. అయస్కాంతపు పట్టీ లేదా వెల్క్రో వాడితే తీసి కడగడం సులువు.

5. చివరగా టెస్ట్. జాలీ లేకుండా అరగంట మామూలు లోడ్ మీద నడిపి, బయటికి వచ్చే గాలి వేడి ఎంతో ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తో చూడండి. జాలీ పెట్టి అదే లోడ్, అదే టైమ్‌కి మళ్లీ చూడండి. తేడా రెండు మూడు డిగ్రీల లోపుంటే సరే. ఐదు దాటితే పెట్టె పెద్దది చేయండి.

వేసవిలో రెండు వారాలకోసారి జాలీ తీసి బ్రష్‌తో దులపాలి. ఇది చేయలేమనుకుంటే జాలీ పెట్టకపోవడమే మేలు.

పొలంలో మొబైల్ స్టార్టర్: అసలు నష్టం ఇక్కడే

ఇంట్లో ఇన్వర్టర్ పోతే ఒక రాత్రి ఉక్కపోత. చెనిక్కాయ చేనుకి తడి అందాల్సిన వారంలో బోరు మోటార్ కాలితే కథ వేరు. మోటార్ పైకి లాగాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. అప్పటికి ఊడలు దిగే టైమ్ దాటిపోవచ్చు.

ఫోన్ నుంచి కాల్ లేదా యాప్‌తో మోటార్ ఆన్ చేసే స్టార్టర్లు రైతులకి చాలా పని తగ్గించాయి. కానీ ఒక మార్పు గమనించండి. ముందు రోజూ ఎవరో ఒకరు వెళ్లి డబ్బా తెరిచి బటన్ నొక్కేవాళ్లు. చీమలు కనిపించేవి, కాంటాక్టర్ గరగరమంటే వినిపించేది. ఇప్పుడు వారాల తరబడి డబ్బా తెరవట్లేదు. మనం ఎంత రిమోట్‌గా ఉంటే పురుగులకి అంత ప్రశాంతత.

లోపల జరిగేది ఇది. కాంటాక్టర్ అంటే పెద్ద రిలే, హార్వర్డ్ మార్క్ 2లో చిమ్మట ఇరుక్కున్న వస్తువుకి పెద్దన్న. దానికి మూడు జతల కాంటాక్ట్‌లుంటాయి, ఫేజ్‌కి ఒకటి. ఒక జత మధ్య చీమలు నలిగి పేరుకుంటే ఆ ఫేజ్ కలవదు. మోటార్ రెండు ఫేజ్‌ల మీద నడవడానికి చూస్తుంది, మిగిలిన తీగల్లో కరెంట్ మామూలు కంటే బాగా పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది.

‘మా స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంది కదా’ అనొచ్చు. అది ఎక్కడ చూస్తోందో కనుక్కోండి. లోపలికి వచ్చే వోల్టేజీని మాత్రమే చూసే రకమైతే దానికి మూడు ఫేజ్‌లూ బాగానే కనిపిస్తాయి. తప్పు కాంటాక్టర్ తర్వాత ఉంది మరి. మోటార్‌కి వెళ్లే కరెంట్‌ని మూడు ఫేజ్‌ల్లోనూ కొలిచే రకమైతేనే ఈ తప్పుని పట్టుకుంటుంది. మొబైల్ స్టార్టర్ కొనేటప్పుడు యాప్ ఎంత బాగుంది అనే దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. మాజ్డా సాఫ్ట్‌వేర్ మార్పు లాంటిదే ఇది, పురుగు గెలిచినా మోటార్ బతుకుతుంది.

ఇక డబ్బా సంగతి. ఇన్వర్టర్‌లా దీనికి గాలి ధార అక్కర్లేదు, లోపల పుట్టే వేడి తక్కువ. కాబట్టి ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. మూయగలిగినంత మూయండి.

కేబుల్ వచ్చే ప్రతి రంధ్రానికి గ్లాండ్ పెట్టించండి. వాడని రంధ్రాలకి ప్లగ్ బిగించండి. గుడ్డ, పాలిథిన్ కుక్కితే చీమలకి అదే పరుపు. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ ఎండిపోయుంటే మార్చండి. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉంటే దాన్ని మూయొద్దు, 30 మెష్ ముక్క పెట్టండి. డబ్బా మీద నేరుగా ఎండ పడకుండా చిన్న రేకు నీడ కట్టండి. నెలకోసారైనా తెరిచి చూడండి. త్రీఫేజ్ అంటే 415 వోల్టులు, కాబట్టి ఈ పని సప్లై పూర్తిగా తీశాక ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఆటో మోడ్‌లో ఉన్న స్టార్టర్ కరెంట్ రాగానే దానంతట అదే ఆన్ అవుతుందని మర్చిపోకండి.

రౌటర్, పీసీ, ల్యాప్‌టాప్

రౌటర్‌కి జాలీ అక్కర్లేదు. ట్యూబ్‌లైట్ పక్కన కాకుండా వేరే గోడకి మార్చండి, సెట్టింగ్స్‌లో ఉంటే రాత్రిపూట ఎల్ఈడీలు ఆఫ్ చేయండి. ఉసిళ్లు వచ్చే రెండు మూడు సాయంత్రాలు గదిలో లైట్లు తగ్గిస్తే చాలు. పీసీకి గాలి లోపలికి తీసుకునే ఫ్యాన్ల ముందు మ్యాగ్నెటిక్ ఫిల్టర్ వాడండి, వాడని స్లాట్లకి కవర్లు వేయండి. ల్యాప్‌టాప్ వెంట్‌కి మాత్రం ఏమీ అంటించొద్దు. దాని సందులు ముందే తక్కువ. తినేటప్పుడు ముక్కలు కీబోర్డులో పడకుండా చూసుకోవడమే దానికి జాలీ.

ఈ వెంట్లకి జాలీ వద్దు

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ మీదుండే వెంట్ ప్లగ్‌లు: ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ వీటి నుంచే పోవాలి. మూస్తే పేలే ప్రమాదం.

గ్యాస్ గీజర్ పొగ గొట్టం: మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ బాత్‌రూమ్‌లోనే నిలిచిపోతుంది. రంగు, వాసన లేని విషం అది. తయారీదారు ఇచ్చిన మూత తప్ప ఇంకేదీ పెట్టొద్దు. క్యాంపర్ ట్రైలర్ ఫర్నేస్ హెచ్చరిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

చీమలని దారిలోనే ఆపండి

చీమని గడి సైజుతో ఆపాలంటే జాలీ బాగా సన్నగా ఉండాలి, గాలికి అది నష్టం. అందుకే చీమలకి వేరే ప్లాన్ మంచిది. చీమ ఎగరదు, నడిచే వస్తుంది. ఎక్కువగా కేబుల్ మీద నడిచి వస్తుంది.

అన్నం గిన్నె పళ్లెంలో నీళ్లు పోసి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. బ్యాటరీ ట్రాలీ కాళ్లకి అదే పని చేయొచ్చు. కేబుల్‌ని గోడ నుంచి విడదీసి, దాని మీద ఒకచోట బెత్తెడు పొడవున వ్యాసలీన్ రాస్తే దారి తెగుతుంది. దుమ్ము పట్టగానే తుడిచి మళ్లీ రాయాలి.

పుట్ట ఎక్కడుందో తెలియకపోతే మెడికల్ షాపులో దొరికే బోరిక్ పౌడర్‌ని చక్కెర నీళ్లలో ఒక శాతం కలిపి, దూదిలో ముంచి, చీమల దారిలో పెట్టండి. ఎక్కువ కలిపితే దారిలోనే చస్తాయి, పుట్ట దాకా తీసుకెళ్లవు. పిల్లలకి, పశువులకి అందకుండా పెట్టాలి.

రెండు పనులు చేయొద్దు. పురుగుల స్ప్రే వెంట్‌లోకి కొట్టొద్దు. డబ్బాలో మందుని తోసే గ్యాస్ మండే రకం, లోపల స్పార్క్ ఉంటే అంటుకుంటుంది. ఇక స్టార్టర్ డబ్బాల్లో కలరా ఉండలు వేయడం చాలా చోట్ల చూస్తాం. మన ఎండకి అవి తొందరగా ఆవిరైపోతాయి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తాయి. వాటిని నమ్ముకుని కేబుల్ రంధ్రం తెరిచి ఉంచితే, ఉండ కరిగిన రోజు నుంచి చీమలదే రాజ్యం.

ఎప్పుడు ఏం చేయాలి?

మార్చి చివర్లో: ఇన్వర్టర్ జాలీ కడిగి, వేడి టెస్ట్ చేయండి. ఎండాకాలంలో కరెంట్ కోతలు మొదలవక ముందే ఫలితం తెలియాలి.

మే చివర్లో: తొలకరికి ముందు స్టార్టర్ డబ్బా గ్లాండ్‌లు, బీడింగ్ చూపించండి. వాడని రంధ్రాలకి ప్లగ్‌లు వేయించండి.

జూన్ నుంచి అక్టోబర్ దాకా: నెలకోసారి స్టార్టర్ తెరిచి చూడండి. తడి మట్టి గూడు కనిపిస్తే అప్పుడే తీసేయడం సులువు, ఎండితే సిమెంటే.

నవంబర్‌లో: సాలెగూళ్లు దులిపి, జాలీ అంచులు ఊడాయేమో చూడండి.

కొత్త గ్యాడ్జెట్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో వాట్లు, జీబీలు చూసినట్టే ఇకనుంచి ఇంకో మూడు చూడండి: గాలి ఎక్కడి నుంచి పోతుంది, కేబుల్ ఎక్కడి నుంచి వస్తుంది, ఐపీ మొదటి అంకె ఎంత. గాలి కావాల్సిన డబ్బాకి పెద్ద జాలీ పెట్టె, గాలి అక్కర్లేని డబ్బాకి గట్టి మూత, పొగ పోయే గొట్టానికి ఏదీ పెట్టకపోవడం. ఈ వారం ఒక్క పని చేయండి. మీ స్టార్టర్‌లోని ప్రివెంటర్ వోల్టేజీని చూసే రకమా, కరెంట్‌ని చూసే రకమా అని ఎలక్ట్రీషియన్‌ని అడిగి తెలుసుకోండి.